ఎర్ర నీళ్లు

నా చేతి నీళ్లు తాగి బతికినవాళ్లు ధారూరు నుంచి తాండూరు దాకా ఊరూరికీ ఉన్నారు. ఆ సంగతి వాళ్లకు చెప్తే సగం మంది నన్ను కొట్టడానికి వస్తారు, మిగతా సగం మంది ఇంటికి పోయి తల మీద బిందెలు గుమ్మరించుకుంటారు. అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు నాకు వయసైపోయింది, కొట్టేవాళ్లకూ వయసైపోయింది. ఇక భయమెందుకు?

మాది మర్పల్లి పక్కన ఒక పల్లె. మా తాత కాలంలోనే మా వాడంతా క్రైస్తవంలో కలిసింది. కలిసినా ఊరి బావి గట్టు మాత్రం మేము ఎక్కకూడదు. కుండ కింద పెట్టి, ఎవరైనా జాలిపడి రెండు చేదలు పోసేదాకా ఎండలో నిలబడాలి. "అవ్వా, జర పొయ్యరాదే, పిల్లలు ఎండుతున్నరు" అని మా అమ్మ బతిమాలేది. నాకు దాహం కంటే ఆ బతిమాలే గొంతు మీదే కోపం ఎక్కువగా ఉండేది. పెద్దయ్యాక నీళ్ల కోసం ఎవరినీ అడుక్కునే పని లేని బతుకు కావాలని రోజూ ప్రార్థన చేసేదాన్ని. దేవుడు విన్నాడు, వినలేదని అనను. నీళ్లు తాగండి బాబూ అని జనాన్ని అడుక్కునే పని ఇచ్చాడు.

నర్సు చదువు పూర్తి చేసి వికారాబాద్ దవాఖానలో చేరాను. పోలీస్ యాక్షన్ జరిగి కొన్నాళ్లయింది, ఊళ్లు ఇంకా కుదుటపడుతున్నాయి. రైలు దిగి జనం మంచాల మీద, బండ్ల మీద రోగుల్ని మోసుకొచ్చేవాళ్లు. ఒక్కో రోగి వెంట నలుగురు చుట్టాలు, ఒక మూట, ఇంటి బావి నీళ్లతో ఒక రాగి చెంబు వచ్చేవి. వరండాలో మూడు రాళ్లు పెట్టి వండుకునేవాళ్లు. నేను తెల్లచీర కట్టుకుని, తల మీద టోపీ పెట్టుకుని, గొప్పగా వార్డులో తిరిగేదాన్ని. ఆ తెల్లచీర వెనక ఏ వాడ పిల్ల ఉందో వాళ్లకు ఒక్క ప్రశ్నలో తెలిసిపోయేది. "ఏ ఊరు బిడ్డా మీది? ఎవరోళ్లు?" అని అడిగేవాళ్లు. ఊరు చెప్పి ఆగితే చాలు, రెండోదానికి జవాబు అక్కర్లేదు. చెంబు మెల్లగా మంచం అవతలికి జరిగేది.

విచిత్రం ఏమిటంటే నేను ముట్టుకోవచ్చు. పుండు కడగవచ్చు, సూది పొడవవచ్చు, ఎనిమా పెట్టవచ్చు, పక్కలో చేసుకున్నది ఎత్తిపోయవచ్చు. అన్నిటికీ ఒళ్లప్పగించి పడుకుంటారు మహారాజుల్లాగ. గ్లాసుతో నీళ్లిస్తే మాత్రం నోరు బిగుసుకుంటుంది. "ఒంటి మీది మైల ఇంటికి పోయి తానం జేస్తే పోతది నర్సమ్మ. లోపలికి పోయినది ఎట్ల పోతది?" అని ఒకాయన నాకు ఎంతో ఓపికగా బోధించాడు. అప్పుడే ఆయనకు నేను కట్టు కట్టి లేచాను, నా చేతులకు ఇంకా ఆయన చీము ఉంది.

మరి మందో? మందు తాగుతారు. మేము కలిపినా, మేము పోసినా, మా చెంచాతోనే పెట్టినా తాగుతారు. మందు దేవుడిదట. దానికి మైల లేదట. ఈ చట్టం ఎవరు రాశారో నాకు తెలియదు గానీ వికారాబాద్ చుట్టుపక్కల ప్రతి ఇంటికీ కంఠతా వచ్చు.

నేను చేరిన కొత్తలో వాంతులు, విరేచనాలతో ఒక ముసలాయన వచ్చాడు. కొడుకు ఇంటి నీళ్లు తేవడానికి ఊరికి వెళ్లాడు. ముసలాయన నాలుక చెక్కలాగ అయిపోయింది, కళ్లు గుంటలు పడ్డాయి. నేను గ్లాసు పట్టుకుని మంచం పక్కన నిలబడి బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి అటు తిరిగే పోయాడు. కొడుకు చెంబు మీద మూత పెట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చాడు. ఆ చెంబు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మా వార్డులో నాకంటే పెద్ద నర్సు ఒకామె ఉండేది. నా ఏడుపు చూసి ఆమె ఓదార్చలేదు. మందుల గదిలోకి తీసుకుపోయి, మిక్చర్లలో కలిపే ఎర్ర రంగు సీసా చూపించింది. "ఒక్క చుక్క ఎయ్యి. జర ఉప్పు, జర చక్కెర ఎయ్యి. నీళ్లని జెప్పకు, మందని జెప్పు. ఏడ్చే బదులు గీ పని జెయ్యి పిల్లా," అంది. ఆ వార్డులో ఆ పద్ధతి ఎప్పటి నుంచో నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్లు ఒక చావు చూసేదాకా ఎవరూ చెప్పరు, అంతే.

ఇక ఒక పిల్ల సంగతి చెప్పాలి.

ధారూరు వైపు పల్లె నుంచి వచ్చింది. గొర్లు కాసుకునే ఇల్లు. ఇంట్లోనే కాన్పు అయింది, తొలిచూలు, ఆడపిల్ల. మంత్రసాని ఏ చేత్తో ఏం చేసిందో, మూడో రోజుకే ఒళ్లు పెనమైంది. బాలింత సన్ని పట్టిందని ఏవేవో పొగలు వేసి, మాట తడబడుతుంటే అప్పుడు రైలెక్కించారు. ఆ పిల్లకు పదహారో పదిహేడో ఏళ్లుంటాయి. పక్కనే అత్త, ఆమె ఒళ్లో పసిది. మగవాళ్లు దింపేసి గొర్ల దగ్గరికి వెళ్లిపోయారు. అత్త గట్టి మనిషి, గొంతు కూడా గట్టిదే. వార్డు గుమ్మంలోనే నా ఊరు అడిగి, చెంబు మంచం అవతలికి జరిపి, అప్పుడు కూర్చుంది.

డాక్టరమ్మ చూసి సల్ఫా మాత్రలు రాసింది. నన్ను పక్కకు పిలిచి, "ఈ మాత్రలకు నీళ్లు తోడు కావాలి. నీళ్లు చాలకపోతే మూత్రపిండాల్లో పేరుకుపోతాయి, మూత్రం ఆగిపోతుంది. మాత్ర ఇవ్వకపోతే జ్వరం చంపుతుంది, నీళ్లు లేకుండా ఇస్తే మాత్రే చంపుతుంది. కూజాలకు కూజాలు తాగించు. మిగతాది నువ్వే చూసుకోవాలి," అని చెప్పి వేరే ఊరి కేసుకు వెళ్లిపోయింది. చూసుకోవాలంట! చెప్పినంత తేలికా?

ఎందుకంటే ఇక్కడ రెండు తాళాలు ఉన్నాయి. ఒకటి నా చేతి నీళ్లు. రెండోది బాలింతకు అసలు నీళ్లే ఇవ్వకూడదు. మా వైపు ఇంటింటా అదే రివాజు. అన్నం తిన్నాక వాము వేసి మరిగించిన నీళ్లు ఒక్క గుక్క, అంతే. అత్త తన రాగి చెంబులోంచి ఆ ఒక్క గుక్క పోసేది. పిల్ల చెంబు వదిలేది కాదు, అత్త దాని వేళ్లు విప్పి లాక్కునేది.

ముందు సూటిగానే చెప్పి చూశాను. పిల్ల మూత్రం గాజు సీసాలో పట్టి తెచ్చి అత్తకు చూపించాను. అడుగున కొంచెం, చిక్కగా, టీ డికాక్షన్ రంగులో ఉంది. "చూడవ్వా, నీళ్లు లేక గిట్లైంది. గిది ఆగిపోతే నీ కోడలు బతకది," అన్నాను.

"బాలెంతకు నీళ్లా? పచ్చి కడుపుల నీళ్లు పోస్తే చీము పట్టదా? పొట్ట ఉబ్బదా? జర సోయి ఉండి మాట్లాడు నర్సమ్మ. మా అత్త నాకు పోసిందా? నేను సచ్చిన్నా?"

"నీకు జొరం రాలేదు. గీ పిల్లకొచ్చింది."

"నువ్వు కన్నవా ఎన్నడన్న? పెండ్లే గాలేదు, కాన్పుల ముచ్చట్లు నాకు జెప్తున్నవు!"

వార్డంతా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సంపుకో పో! నీ కోడల్ని నువ్వే సంపుకో! సంపి ఇంకొకదాన్ని తెచ్చుకో!" అని అరిచాను. అత్త తొణకలేదు. "తెచ్చుకుంట తియ్. గొర్లున్న ఇంటికి పిల్లలు దొరకరా?" అంది. మంచం మీద పిల్ల కళ్లు తెరిచి ఆ మాట వింది. పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి, ఏడవడానికి కూడా తడి లేదు.

బయటికి వచ్చి మొహం కడుక్కున్నాను. అరిచి లాభం లేదు, సీసాలు చూపించి లాభం లేదు. వద్దన్నదాని గురించి వాదిస్తే ఆమె ఇంకా బిగుసుకుంటుంది. కావాలన్నది ఏదో అడగాలి. మళ్లీ లోపలికి వెళ్లి, గొంతు తగ్గించి, ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, కోపం జెయ్యకు. నీళ్లొద్దంటే వద్దు. మరి ఏమేమి ఇయ్యొచ్చో నువ్వే జెప్పు."

ఆమె మెత్తబడింది. "మందియ్యి. మందు ఎంతైన ఇయ్యి. మందుకోసమే గదా గింత దూరమొచ్చింది?"

"ఎంతైననా?"

"ఎంతైన."

మందుల గదికి వెళ్లి పెద్ద కూజా నిండా కాచి చల్లార్చిన నీళ్లు నింపాను. ఉప్పు, చక్కెర, ఎర్ర రంగు వేశాను. కూజా చూసి అత్త నోరు తెరిచింది. "గింత మందా!"

"పెద్ద జొరానికి పెద్ద మందు. గంటకింత తాగాలె, రాత్రికి కూజా ఒడవాలె. మిగిలితే మందు పని జెయ్యది."

"అయితే తాగుతది. తాగకుంటే ముక్కు మూసి తాగిపిస్త," అంది అత్త. నిజంగానే కాపలా కూర్చుంది. నేను వార్డు అవతల ఉంటే, "ఓ నర్సమ్మా, మందు యాళ్ల అయింది, ఏడున్నవు?" అని కేకలు పెట్టేది. నీళ్లు అడిగితే కోడలి వేళ్లు విరిచిన మనిషి, ఎర్ర నీళ్లు ఒక్క గుక్క మిగిలితే కోడల్ని తిట్టేది.

మొదటి గ్లాసు పిల్ల ఊపిరి తీసుకోకుండా తాగింది. గ్లాసు తీసేస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. "ఇంకింత," అంది. మూత్రం రంగు తేలికపడింది, జ్వరం మెట్టు మెట్టుగా దిగింది. ఆగిపోయిన పాలు కూడా మళ్లీ పడ్డాయి. పసిది రొమ్ము పట్టి చప్పుడు చేస్తూ తాగుతుంటే అత్త మురిసిపోయి పక్క మంచాల వాళ్లందరికీ చెప్పింది. "మస్తు మంచి మందు. జొరం పోయింది, పాలు గూడ పడ్డయి." నేను లోపల పళ్లు కొరుక్కుంటూ పైకి నవ్వాను.

ఒకరోజు అత్త బట్టలు ఉతకడానికి వెళ్లినప్పుడు ఆ పిల్ల నన్ను దగ్గరికి పిలిచింది.

"సిస్టరమ్మా, గివి నీళ్లే గదా?"

"మందు."

"నాకెరుకనే. నోట్లె పోసుకున్న తొలి గుక్కకే ఎరుకైంది."

"ఎరుకయ్యే తాగుతున్నవా?"

"తాగకుంటే సస్త గదా." నా కొంగు పట్టుకుంది. "మా అత్తకు జెప్పకు. నీ కాళ్లు మొక్కుత. ఎరుకైతే నన్ను ఇంట్లకు రానియ్యది. పిల్లను గుంజుకొని నన్ను తల్లిగారింటికి తోల్తది. మా అవ్వ లేదు, అయ్య లేడు. అన్న రానిస్తడా?"

"జెప్ప. పండుకో," అన్నాను. ఆ పిల్ల మీద నాకు అప్పుడు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. నా ఎదుట నీళ్లను నీళ్లని ఒప్పుకుని తాగింది తనొక్కతే. డ్యూటీ అయిపోయినా వెళ్లి జడ వేసేదాన్ని. పసిదానికి నేనే నీళ్లు పోసేదాన్ని, పైన పోసే నీళ్లకు తప్పు లేదు గనక. అంత పిచ్చిదాన్ని.

పక్క మంచానికి తోడుగా వచ్చిన ఒక ముసలమ్మ మందుల గది కిటికీలోంచి చూసింది. నేను కుండలోంచి కూజాలో నీళ్లు పోయడం, చుక్క వేయడం, కలపడం, అంతా చూసి అత్త చెవిలో వేసింది. నేను వార్డులోకి వచ్చేసరికి వరండాలో వంటలు ఆపి జనమంతా గుమ్మానికి చేరారు. అత్త మధ్యలో నిలబడి ఉంది. పసిది అప్పటికే ఆమె చంకలో ఉంది. మంచం మీద పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నర్సమ్మా, ముంగటికి రా. నా కోడలికి నీ నీళ్లు తాగిపిచ్చినవా, లేదా? అందరి ముంగట జెప్పు."

డాక్టరమ్మ ఊళ్లో లేదు. ఉన్నా ఏం చేస్తుంది? "అవును, తాగించింది, బతికింది, అయితే ఏంటి?" అని అడిగేది. ఆమెకేం, ఆమె నిజం చెప్పి కారెక్కి వెళ్లిపోతుంది. ఆ పిల్లకు పోవడానికి కారు లేదు, ఇల్లూ ఉండదు. నాకూ ఆ నిజం గొంతుదాకా వచ్చింది, దేవుడి తోడు. అవునే, నా చేతి నీళ్లే, నా నీళ్లతోనే నీ కోడలు లేచింది, నీ మనవరాలి నోట్లో పాలు కూడా నా నీళ్లే అని ఆమె మొహం మీద అరవాలని నాలుక దురద పెట్టింది. పిల్ల నా వైపు చూస్తోంది. పసిది అత్త చంకలో కాళ్లు ఆడిస్తోంది.

నవ్వాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి తెచ్చుకున్నానో నాకే తెలియదు.

"ఏం మాటవ్వా గది? నా నీళ్లు నీ కోడలికి పోస్తనా? మేము ఎసుంటోళ్లమో నాకు తెల్వదా? ఊరి బాయి గడ్డ ఎక్కినోళ్లం కాదు మేము. మా నీళ్లు మీ నోటికాడికి తెచ్చే మనుషులమా? మందుల కలిపేటివి వేరే నీళ్లు, మెషిన్ల కాగిన నీళ్లు. మందుల పడ్డంక అవి నీళ్లు గావు. మా నీళ్లు మాకే ఉంటయి."

నా నోటితో అన్నాను. తెల్లచీర కట్టుకుని, టోపీ పెట్టుకుని, అంతమంది ముందు మా అమ్మ గొంతుతో అన్నాను. ఇద్దరు ముగ్గురు తలలూపారు. నర్సు పిల్ల ఎరుకగల్లదే, ఉన్న మాట చెప్పింది అని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

అత్తకు ఇంకా నమ్మకం కుదరలేదు. "అయితే ఒక గిలాస ఉత్త నీళ్లు పట్టుకరా. నీ చేత్తోనే దానికియ్యి. జూస్త."

తెచ్చాను. రంగు లేని నీళ్లు, గాజు గ్లాసులో. మంచం దగ్గరికి వెళ్లి చాచాను. పిల్ల గ్లాసు వైపు చూసింది, అత్త వైపు చూసింది, చంకలో పసిదాని వైపు చూసింది. తరవాత నా కళ్లలోకి సూటిగా చూసి చేయి విసిరి కొట్టింది. గ్లాసు ఎగిరి గోడకు తగిలి పగిలింది.

"ఛీ! దాని చేతి నీళ్లు నేను తాగుతనా? సస్తగని తాగ! దూరం జరుగుమను అత్తా, దాని వాసనకే కక్కొస్తుంది!" అని ఉమ్మేసింది. అది నా పాదం మీద పడింది.

వరండా అంతా గుప్పున ఊపిరి వదిలింది. అత్త మొహం వెలిగిపోయింది. "గది నా కోడలంటే," అని పసిదాన్ని తెచ్చి ఒళ్లో వేసింది. చాడీ చెప్పిన ముసలమ్మను తిట్టడం మొదలుపెట్టింది. తిట్లు అయిపోయాక నా వైపు తిరిగి, "నిలవడ్డవేంది నర్సమ్మ? మందు యాళ్ల అయింది," అంది.

గాజు పెంకులు ఏరాను. పాదం కడుక్కున్నాను. లోపలికి వెళ్లి రంగు చుక్క వేసి, గ్లాసు తెచ్చి ఇచ్చాను. పిల్ల కళ్లు ఎత్తకుండా మొత్తం తాగింది.

ఇంటికి పోయేదాకా ఆ పిల్ల నాతో మళ్లీ మాట్లాడలేదు. అత్త లేని సమయం చూసి దగ్గరికి వెళ్తే గోడవైపు తిరిగేది. బండి ఎక్కేటప్పుడు అత్త మాత్రం దూరం నుంచే దండం పెట్టింది, పిల్ల వెనక్కి తిరగలేదు. ఇల్లు నిలబెట్టుకోవడానికి అట్లా అందని నాకు తెలుసు. నేను చెప్పిన అబద్ధాన్నే అది నాకంటే బాగా చెప్పింది. కానీ వాసన సంగతి ఎందుకు? ఆ ఒక్క మాట అవసరమా? నటనకు అంత లోతు నుంచి మాట వస్తుందా? చాలా రోజులు చేతులు సబ్బుతో రుద్దుకుంటూ వాసన చూసుకునేదాన్ని. చెంప పగలగొట్టాలనిపించేది, మళ్లీ ఆ మొహం తలుచుకుంటే జడ వేయాలనిపించేది. మా ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ అసహ్యమో తేలక మంచాల కింద బెడ్‌పాన్లు తోముతూ కూర్చునేదాన్ని.

కొన్నేళ్ల తరవాత నన్ను తాండూరు దవాఖానలో వేశారు. నేల నుంచి గోడల దాకా అన్నీ తాండూరు బండలే, ఎండాకాలం కాళ్లు కాలేవి. సగం మంది కన్నడంలో మాట్లాడేవాళ్లు. అంటరానితనం నేరమని చట్టం వచ్చిందని వరండా గోడకు పెద్ద కాగితం అంటించారు. దాని కిందే జనం తమ చెంబులు పెట్టుకుని కూర్చునేవాళ్లు.

ఒక వేసవి పొద్దున పెళ్లివారి గుంపు వచ్చింది. పసుపు బట్టలు, పూలు, అత్తరు వాసన, మధ్యలో ఒక ఆడమనిషి భుజం మీద వాలిపోయిన పిల్ల. అయిదారేళ్లుంటాయి. పెళ్లిభోజనం తిన్నప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటల్లోకి పోయాయి, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత అట్లాగే నిలబడుతోంది. ముందు పిల్లనే చూశాను. తరవాత తల్లిని చూశాను, ఆ ధారూరు పిల్లే.

ఒళ్లు చేసింది, ముక్కుకు బరువైన ముక్కుపుల్ల వచ్చింది, గొంతులో అత్త గొంతు దిగింది. నన్ను చూడగానే కొంగు సర్దుకుంది. వెనక ఆడబిడ్డ, తోడికోడలు, ఊరి ఆడవాళ్లు ఉన్నారు. పిల్ల వయసు చూస్తే వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. నా చేతులతో నీళ్లు పోసిన పసిది ఇదే.

"మీ అత్త బాగుందా?" అన్నాను.

"పోయింది," అంది. నన్ను ఎరిగినట్టు ఒక్క కవళిక లేదు. ఆమె వెనకనుంచి ఆడబిడ్డ, "ఎవరే?" అని అడిగింది. "ఎవరో, నాకెరుక లేదు," అంది. తరవాత నా వైపు తిరిగి, "గా ఎర్ర మందు ఇయ్యి సిస్టరమ్మా. పిల్ల మస్తు పరేషానుంది," అంది.

ఎరుక లేని మనిషిని ఎర్ర మందు అడుగుతుంది! నా నెత్తిన ఎవరో నిప్పులు పోసినట్టయింది. లోపలికి వెళ్లి ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు గాజు గ్లాసులో పోసి, రంగు వేయకుండా తెచ్చాను. అందరికీ కనబడేట్టు ఎత్తి పట్టుకున్నాను.

"నీళ్లు తాగిపియ్యి. ఉత్త నీళ్లే. నీళ్లు తాగితే బతుకుతది."

ఆడబిడ్డ నా మొహం, నా చేయి, గ్లాసు చూసింది. తల్లి చేయి ముందుకు రాలేదు. నాకు కావలసింది ఒక్కటే, ఆ చేయి చాచి అందరి ముందు నా నీళ్లు తీసుకోవడం. నీ బిడ్డ కోసమైనా తీసుకో, నువ్వు నా బాకీ ఉన్నావు అని మనసులో అనుకుంటున్నాను. భుజం మీద పిల్ల తల ఎత్తింది, గ్లాసు చూసింది, ఎండిన నాలుకతో పెదవులు తడుపుకోబోయింది. చిన్న చేయి గ్లాసు వైపు వచ్చింది. తల్లి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"మందియ్యి," అంది నా కళ్లలోకి చూస్తూ. వికారాబాద్‌లో నా గ్లాసు విసిరికొట్టినప్పుడు చూసినట్టే చూసింది. ఆ మనిషి కదలదని నాకు అర్థమైంది. నేను కదలకపోతే నష్టపోయేది మేమిద్దరమూ కాదు, ఆ పిల్ల. ఎండిన ఆ నాలుక మీద నా పంతం తీర్చుకోలేను. నేను నర్సుని, ఏం చేస్తాను?

లోపలికి వెళ్లి చుక్క వేసి తెచ్చాను. "ఇగో మందు," అన్నాను. తల్లి వెంటనే అందుకుని పిల్ల నోటికి పెట్టింది.

పిల్ల గటగటా తాగింది. సగం గ్లాసు అయ్యాక ఆగి, కళ్లు పెద్దవి చేసుకుని నవ్వింది. అంత జబ్బులోనూ నవ్వింది. "అవ్వా! గివి నీళ్లేనే! తియ్యటి నీళ్లే!" అని తల్లితో గట్టిగా అంది.

తల్లి ఫట్టుమని నోటి మీద కొట్టింది. పిల్ల కింది పెదవి చిట్లి నెత్తురు వచ్చింది.

"మందనే! మందు!"

పిల్ల ఏడుపు మింగింది. తల్లిని చూసింది, చుట్టూ ఆడవాళ్లను చూసింది, చివరికి నా చేతిలో కూజాను చూసింది. దానికి దాహం ఇంకా తీరలేదు. నెత్తురు పెదవి నాక్కుంటూ, వెక్కుతూ, గ్లాసు నా వైపు చాచింది.

"మందు," అంది. "ఇంకింత మందు పొయ్యి సిస్టరమ్మా."

పోశాను.